పాఠకుల ప్రశ్నలు: ఎలక్ట్రాన్ స్పిన్ దిక్కు ఎందుకు నిలవదు?

పోయిన సంచికలో ఎలక్ట్రాన్ స్పిన్ గురించి రాస్తూ చివర్లో ఒక్క వాక్యం అనేసి వదిలేశాం: ఎలక్ట్రాన్ ఓ బుల్లి అయస్కాంతమే గానీ, ఘనపదార్థంలో దాని దిక్కు ఎంతోసేపు నిలవదు, కొన్నిచోట్ల పది నానోసెకన్లు కూడా ఉండదు అని. ఆ వాక్యం పట్టుకుని అమలాపురం నుంచి కాకినాడ దాకా, ఇటు తణుకు, భీమవరం వైపు నుంచి కూడా ఇన్ని ప్రశ్నలు వస్తాయనుకోలేదు. పేర్లు వెయ్యకుండా ఊళ్లు మాత్రం వేస్తున్నాం. ఒకే సంగతి నలుగురు అడిగినచోట ఒక్క ఉత్తరమే ఉంచాం.

ప్రశ్న: మాస్టారూ, స్పిన్ అనేది ఎలక్ట్రాన్‌కి పుట్టుకతో ఉన్న గుణం, తగ్గదు పెరగదు అని మా పుస్తకంలో ఉంది. మీరేమో నానోసెకన్లలో పోతుందంటున్నారు. ఏది నిజం? పోతే ఎక్కడికి పోతుంది?
– డిగ్రీ విద్యార్థి, అమలాపురం

జవాబు: రెండూ నిజమే. మీ పుస్తకం చెప్పేది స్పిన్ పరిమాణం గురించి, అది ఎప్పుడూ సగమే (1/2), ఎవరూ మార్చలేరు. పోయేది దాని దిక్కు. లేజర్‌తోనో, అయస్కాంతపు పొర గుండా కరెంటు పంపించో ఒక కోటి ఎలక్ట్రాన్ల స్పిన్‌లని ఒకే వైపు తిప్పి పెట్టామనుకోండి. కాసేపాగి చూస్తే తలో దిక్కూ చూస్తుంటాయి. ఒక్కోదానికీ స్పిన్ ఉంది, మొత్తం కూడితే సున్నా. మేం "పోయింది" అన్నది ఆ కూడిక.

ఎందుకు చెదురుతాయంటే, అయస్కాంత క్షేత్రం ఉన్నచోట స్పిన్ నిలబడి ఉండదు, ఆ క్షేత్రం చుట్టూ తిరుగుతుంది, అదీ మామూలు వేగంతో కాదు. ఒక టెస్లా క్షేత్రంలో సెకనుకి 2,800 కోట్ల చుట్లు. మన కోస్తాలో భూమి అయస్కాంత క్షేత్రం సుమారు 40 మైక్రోటెస్లాలు, దిక్సూచి ముల్లుని కదపడానికే అవస్థ పడేంత బలహీనం, అందులో కూడా స్వేచ్ఛగా ఉన్న ఎలక్ట్రాన్ స్పిన్ సెకనుకి పదకొండు లక్షల చుట్లు తిరుగుతుంది. ఇప్పుడు ఘనపదార్థం లోపల చూడండి, పక్క అణువుల వల్ల ఒక మిల్లీటెస్లా అటూ ఇటూ తేడా ఉండటం పెద్ద విషయమేం కాదు, ఆ తేడా చాలు, పద్దెనిమిది నానోసెకన్లలో ఒక స్పిన్ పక్కదానికంటే అరచుట్టు ముందుకెళ్లి సరిగ్గా ఎదురు దిక్కుకి చూస్తుంది. ఎవరూ తొయ్యక్కర్లేదు. ఎవరి క్షేత్రంలో వాళ్లు తిరుగుతూ ఉంటే చాలు, పొత్తు చెడిపోతుంది.

ఇక్కడ రెండు రకాల కాలాలున్నాయని మీ సిలబస్‌లో వస్తుంది, భౌతిక శాస్త్రవేత్త ఫెలిక్స్ బ్లాక్ 1946లో రాసిన సమీకరణాల నుంచి వచ్చినవి. టీ1 అంటే స్పిన్ పైకి ఉన్నది కిందికి పడటానికి పట్టే కాలం. దీనికి శక్తి చేతులు మారాలి, ఆ శక్తిని స్ఫటికంలోని కంపనాలు పుచ్చుకోవాలి. టీ2 అంటే ఇప్పుడు చెప్పినట్టు ఒకదాని తిరుగుడుకీ ఇంకోదాని తిరుగుడుకీ పొంతన తప్పిపోయే కాలం, దీనికి శక్తి ఖర్చు అక్కర్లేదు. పాడుచెయ్యడానికి ఖర్చే లేనప్పుడు అది తొందరగా పాడవుతుంది, అందుకే చాలా ఘనపదార్థాల్లో టీ2 టీ1 కంటే బాగా చిన్నది. పరీక్షల్లో ఈ రెండింటినీ కలిపేసి రాసేవాళ్లే ఎక్కువ.

ప్రశ్న: మా పీజీ ల్యాబ్‌లో ఈఎస్ఆర్ (ఎలక్ట్రాన్ స్పిన్ రెజొనెన్స్) ప్రయోగం చేస్తాం. డీపీపీహెచ్ పొడి పెట్టి, సీఆర్ఓ (ఆసిలోస్కోప్) తెర మీద నాలుగు శిఖరాలు తెప్పించి, జీ విలువ (ఎలక్ట్రాన్ అయస్కాంత బలాన్ని చెప్పే అంకె) రెండు వచ్చిందని రాసి సంతకం పెట్టించుకుంటాం. దీనికీ మీరు చెప్పే దిక్కు తప్పడానికీ ఏమైనా సంబంధం ఉందా?
– ఎమ్మెస్సీ విద్యార్థిని, రాజమహేంద్రవరం

జవాబు: ఉందమ్మా, మీ కళ్ల ముందే ఉంది. అందరూ శిఖరం ఎక్కడుందో చూసి వదిలేస్తారు, ఎంత వెడల్పుందో చూడరు.

ఒకసారి ఆ పెట్టె గుర్తు తెచ్చుకోండి. రెండు గుండ్రటి తీగచుట్టలు ఎదురెదురుగా, మధ్యలో చిటికెన వేలంత చిన్న కాయిల్, అందులో గాజు గొట్టంలో నల్లగా, కాస్త ఊదారంగుగా కనిపించే పొడి. పెద్ద చుట్టల్లో 50 హెర్ట్జ్ కరెంటు వెళుతుంది కాబట్టి క్షేత్రం ఒకసారి అటు పెరిగి తగ్గి, మళ్లీ ఇటు పెరిగి తగ్గుతుంది. ఒక్కో చుట్టుకి రెజొనెన్స్ విలువని, అంటే చిన్న కాయిల్ ఫ్రీక్వెన్సీకీ స్పిన్ తిరిగే వేగానికీ సరిపోయే క్షేత్రాన్ని, నాలుగుసార్లు దాటుతుంది, అందుకే నాలుగు శిఖరాలు. ఫేజ్ నాబ్ తిప్పితే అవి ఒకదాని మీద ఒకటి పడి రెండవుతాయి. ఫ్రీక్వెన్సీ 14 మెగాహెర్ట్జ్ పెడితే రెజొనెన్స్ అర మిల్లీటెస్లా దగ్గర, అంటే ఐదు గాస్‌ల దగ్గర వస్తుంది. ఇదంతా మీకు తెలిసిందే.

ఇప్పుడు ఆ శిఖరం వెడల్పు కొలవండి. మంచి నమూనా అయితే ఒకటి రెండు గాస్‌లు ఉంటుంది. స్పిన్ తన తిరుగుడు ఎంతసేపు నిలకడగా సాగిస్తే శిఖరం అంత సన్నగా ఉంటుంది, తొందరగా తప్పిపోతే అంత వెడల్పుగా ఉంటుంది. ఒక గాస్ వెడల్పుని ఎలక్ట్రాన్ గైరోమాగ్నెటిక్ నిష్పత్తితో (ఎంత క్షేత్రానికి స్పిన్ ఎంత వేగంగా తిరుగుతుందో చెప్పే అంకెతో) గుణించి తిరగేస్తే టీ2 సుమారు 60 నానోసెకన్లు వస్తుంది. నానోసెకన్లు కొలిచే పరికరం ఏదీ లేకుండా, స్కేలు పెట్టి తెర మీద కొలిచి నానోసెకన్ల సంగతి చెప్పేశారన్నమాట! మీ తీగచుట్టల మధ్య క్షేత్రం అన్నిచోట్లా ఒకేలా లేకపోతే దానివల్ల కూడా శిఖరం ఇంకాస్త వెడల్పవుతుంది, రికార్డులో ఆ మాట కూడా రాయండి, వైవాలో మార్కులు పడతాయి.

ఇంకో విచిత్రం చెప్పాలి. డీపీపీహెచ్‌లో ప్రతి అణువుకీ జతలేని ఎలక్ట్రాన్ ఒకటుంది, అన్నీ కిక్కిరిసి ఉన్నాయి, ఒక్కోటీ పక్కదానికి అయస్కాంతమే. లెక్క ప్రకారం అవి ఒకదాన్నొకటి చెదరగొట్టి శిఖరం చాలా వెడల్పుగా రావాలి. రాదు. కారణం, పక్కపక్క ఎలక్ట్రాన్లు తమ స్పిన్‌లని ఎంత వేగంగా మార్చుకుంటాయంటే, ఏ ఒక్క స్పిన్‌కీ ఒకే పక్కవాడి క్షేత్రంలో ఎక్కువసేపు తిరిగే అవకాశం ఉండదు, అటు కాస్త ఇటు కాస్త తిరిగి మొత్తమ్మీద సగటుకి దగ్గరగా ఉండిపోతుంది. చెడగొట్టేది చాలా వేగంగా మారిపోతుంటే అది సరిగ్గా చెడగొట్టలేదు. ఈ సూత్రం గుర్తుంచుకోండి, కింది ప్రశ్నల్లో మళ్లీ కావాలి.

ప్రశ్న: రాగి అయస్కాంతానికి అంటుకోదు కదండీ. అందులో మలినాలు కూడా లేవనుకుందాం. మరి రాగిలో ఎలక్ట్రాన్ స్పిన్‌ని తిప్పే క్షేత్రం ఎక్కడ నుంచి వస్తుంది?
– ఫిజిక్స్ లెక్చరర్, తణుకు

జవాబు: ఎలక్ట్రాన్ పరుగులోంచే వస్తుంది. రాగిలో కరెంటు మోసే ఎలక్ట్రాన్లు సెకనుకి సుమారు పదహారు లక్షల మీటర్ల వేగంతో, రాగి కేంద్రకాల పక్కనుంచి పోతుంటాయి. కేంద్రకం దగ్గర విద్యుత్ క్షేత్రం విపరీతంగా ఉంటుంది. అంత వేగంగా పోయేదానికి ఆ విద్యుత్ క్షేత్రంలో కొంత భాగం అయస్కాంత క్షేత్రంలా తగులుతుంది. సాపేక్షతా సిద్ధాంతంలోంచి వచ్చే ఫలితం ఇది, స్పిన్-ఆర్బిట్ సంబంధం అంటారు, మీరు క్లాసులో సోడియం పసుపు గీత రెండుగా చీలడానికి చెప్పే కారణమే.

దీనివల్ల లోహంలో ఏ ఎలక్ట్రాన్ స్థితీ నూటికి నూరుపాళ్లు "పైకి" కాదు, అందులో "కిందికి" పాలు పిసరంత కలిసే ఉంటుంది. కాబట్టి కంపనాన్నో మలినాన్నో గుద్దుకున్న ప్రతిసారీ దారి మారడంతో పాటు స్పిన్ తిరగబడే అవకాశం కూడా కొంచెం ఉంటుంది. 1954లో ఇలియట్ అనే శాస్త్రవేత్త ఈ సంగతి చెప్పాడు, తర్వాత యాఫెట్ దాన్ని పూర్తిచేశాడు. గది ఉష్ణోగ్రత దగ్గర రాగిలో ఎలక్ట్రాన్ సెకనులో సుమారు నలభై లక్షల కోట్ల సార్లు గుద్దుకుంటుంది, స్పిన్ తిరగబడేది కొన్ని వందల గుద్దుళ్లకి ఒకసారి. అంటే స్పిన్ ఆయుష్షు పది పికోసెకన్ల స్థాయిలో ఉంటుంది. అణువు బరువెక్కినకొద్దీ ఇది వేగంగా పడిపోతుంది: తేలికైన అల్యూమినియం మేలు, ప్లాటినంలో అయితే స్పిన్ కొన్ని నానోమీటర్లు నడిచేలోపే అయిపోతుంది.

ఇలియట్ పద్ధతిలో లెక్క సులువు: గుద్దుళ్లు పెరిగితే స్పిన్ తొందరగా పోతుంది, తగ్గితే నిలుస్తుంది. మీ క్లాసులో పిల్లలు కూడా అలాగే ఊహిస్తారు. కానీ గాలియం ఆర్సెనైడ్ లాంటి అర్ధవాహకాల్లో సరిగ్గా దీనికి తలకిందులు జరుగుతుంది, నాకైతే ఈ మొత్తం విషయంలో అన్నిటికంటే నచ్చే భాగం అదే.

ఆ స్ఫటికంలో గాలియం, ఆర్సెనిక్ రెండు వేరువేరు అణువులు కాబట్టి అటుకీ ఇటుకీ సౌష్ఠవం లేదు. ఫలితంగా ఎలక్ట్రాన్ ఏ దిక్కుగా పరిగెడుతుందో దాన్నిబట్టి దానికి ఒక అయస్కాంత క్షేత్రం తగులుతూనే ఉంటుంది, గుద్దుకున్నప్పుడే కాదు, గుద్దుడుకీ గుద్దుడుకీ మధ్య కూడా. పరుగు దిక్కు మారితే క్షేత్రం దిక్కూ మారుతుంది. 1971లో సోవియట్ శాస్త్రవేత్తలు ద్యాకొనోవ్, పెరెల్ ఈ దారి కనిపెట్టారు.

అంకెలు పెట్టి చూద్దాం. ఒక పరుగులో, అంటే రెండు గుద్దుళ్ల మధ్య, స్పిన్ రేడియన్‌లో పదో వంతు తిరుగుతుందనుకోండి. తర్వాత పరుగులో క్షేత్రం వేరే దిక్కు, కాబట్టి ఇంకో పదో వంతు, ఇంకెటో. ఇలా అడ్డదిడ్డంగా పోతే ఒక రేడియన్ దూరం జరగడానికి పది పరుగులు చాలవు, పది వర్గం, అంటే వంద పరుగులు కావాలి. ఇప్పుడు మలినాలు పెంచి గుద్దుళ్లు రెట్టింపు చెయ్యండి. పరుగు సగమైంది, ఒక్కో పరుగులో తిరిగేది ఇరవయ్యో వంతు, కావలసిన పరుగులు నాలుగు వందలు. ఒక్కో పరుగు కాలం సగం కాబట్టి మొత్తం కాలం మాత్రం రెట్టింపు. అంటే శుభ్రమైన స్ఫటికంలో కంటే చెత్త స్ఫటికంలో స్పిన్ ఎక్కువసేపు బతుకుతుంది! డీపీపీహెచ్ దగ్గర చెప్పిన సూత్రమే ఇది కూడా. ఏ పదార్థంలో ఏ దారి నడుస్తోందో తేల్చడానికి ప్రయోగశాలల్లో చేసే పని ఇదే: గుద్దుళ్లు పెంచి చూస్తారు, స్పిన్ ఆయుష్షు తగ్గితే ఇలియట్ దారి, పెరిగితే ద్యాకొనోవ్ దారి.

మూడో దారి కూడా ఉంది, హోల్స్ (ఎలక్ట్రాన్ ఉండాల్సినచోట మిగిలిన ఖాళీలు) ఎక్కువున్న అర్ధవాహకాల్లో ఎలక్ట్రాన్ తన స్పిన్‌ని హోల్‌తో మార్చుకోవడం, 1975లో బిర్, ఆరోనోవ్, పీకస్ చెప్పింది. మీకు సెమినార్‌కి పనికొస్తుందేమో గానీ ఇక్కడ అంతకంటే వివరం వద్దు.

ప్రశ్న: నాది కంప్యూటర్ రిపేరు షాపు. పాడైన హార్డ్‌డిస్కులు విప్పుతుంటాం. చదివే హెడ్ స్పిన్ మీదే పనిచేస్తుందని ఒకాయన చెప్పారు. స్పిన్ పది నానోసెకన్లు కూడా నిలవనిదైతే అది ఎలా పనిచేస్తుంది సార్, ఏళ్ల తరబడి వాడతాం కదా?
– భీమవరం

జవాబు: చాలా మంచి ప్రశ్న. ఈసారి విప్పినప్పుడు చేతి కొసన చూడండి. అద్దంలా మెరిసే పళ్లేల మీదికి వెళ్లే సన్నటి లోహపు చెయ్యి, దాని చివర సుమారు మిల్లీమీటరు పొడవున్న నల్లటి ముక్క, నువ్వుగింజ కంటే చిన్నది. చదివే భాగం ఆ ముక్క వెనక అంచులో ఉంటుంది, భూతద్దానికి కూడా దొరకదు. అందులో రెండు అయస్కాంతపు పొరలు, వాటి మధ్య, మొదటి తరం హెడ్లలో అయితే, రెండు మూడు నానోమీటర్ల మందం రాగి పొర. రెండు అయస్కాంతపు పొరలూ ఒకే దిక్కు చూస్తుంటే నిరోధం తక్కువ, ఎదురెదురుగా ఉంటే ఎక్కువ. ఒక పొర దిక్కు బిగించేసి ఉంటుంది, రెండోది డిస్కు మీది బిట్‌ని బట్టి ఊగుతుంది. నిరోధం కొలిస్తే బిట్ తెలిసిపోతుంది. 1988లో ఆల్బెర్ ఫెర్ట్, పీటర్ గ్రూన్‌బెర్గ్ బృందాలు విడివిడిగా కనిపెట్టిన ఈ ప్రభావానికి 2007లో నోబెల్ వచ్చింది, ఐబీఎం 1997లోనే దాన్ని హార్డ్‌డిస్కుల్లో పెట్టి అమ్మింది.

మీ సందేహానికి జవాబు ఆ పొర మందంలోనే ఉంది. మూడు నానోమీటర్ల రాగిని దాటడానికి ఎలక్ట్రాన్‌కి పట్టేది సుమారు రెండు ఫెమ్టోసెకన్లు. స్పిన్ ఆయుష్షు దానికి కొన్ని వేల రెట్లు. ఒక్క ఎలక్ట్రాన్ ఏళ్ల తరబడి ఏమీ దాచుకోనక్కర్లేదు, మొదటి పొరలో దొరికిన దిక్కుని రెండో పొర దాకా మోస్తే దాని పని అయిపోయింది, వెనకాల ఇంకోటి వస్తుంది. అదే రాగి పొర ఒక మైక్రోమీటరు మందం పెట్టి ఉంటే ప్రభావం దాదాపు కనిపించేదే కాదు. తర్వాత వచ్చిన హెడ్లలో రాగి తీసేసి మెగ్నీషియం ఆక్సైడ్ పొర పెడుతున్నారు, సుమారు ఒక నానోమీటరు మందం.

ప్రశ్న: రోహిణీ కార్తె ఎండకి అన్నీ పాడైనట్టే స్పిన్ కూడా ఎండాకాలం తొందరగా దిక్కు తప్పుతుందా?
– ఉపాధ్యాయుడు, ముమ్మిడివరం

జవాబు: తప్పుతుంది గానీ మీరు కనిపెట్టలేనంత. సంక్రాంతి చలికీ రోహిణి ఎండకీ తేడా కెల్విన్ లెక్కలో పది శాతం లోపే. అసలు తేడా తెలియాలంటే ద్రవ హీలియం ఉష్ణోగ్రతలకి, అంటే నాలుగు కెల్విన్ల దగ్గరకి వెళ్లాలి. అక్కడ స్ఫటికం కంపనాలు దాదాపు చచ్చిపోయి ఉంటాయి, స్పిన్ తన శక్తిని ఇచ్చుకోవడానికి పుచ్చుకునేవాడు దొరకడు. కాస్త వేడెక్కగానే రెండు కంపనాలు కలిసి పనిచేసే దారి తెరుచుకుంటుంది: ఒకటి వచ్చి తగులుతుంది, కాస్త శక్తి తేడాతో ఇంకోటి బయటికి పోతుంది, ఆ తేడా స్పిన్‌ది. కాంతి విషయంలో ఇలాంటి లెక్క చూపించింది చిన్నప్పుడు విశాఖలో చదువుకున్న సి.వి. రామన్ కాబట్టి దీనికి రామన్ ప్రక్రియ అనే పేరు. కొన్ని లవణాల్లో దీని వేగం ఉష్ణోగ్రత తొమ్మిదో ఘాతంతో పెరుగుతుంది. నాలుగు కెల్విన్ల నుంచి ఎనిమిదికి వెళితే 512 రెట్లు! గది ఉష్ణోగ్రత దాకా ఇదే జోరు సాగదు, పైకి వెళ్లేకొద్దీ మెత్తబడి వర్గం స్థాయికి వస్తుంది, అందుకే మీ రోహిణి ఎండకి మహా అయితే ఇరవై శాతం తేడా.

ప్రశ్న: మా అమ్మగారికి కాకినాడలో ఎమ్మారై తీసేటప్పుడు మధ్యలో ఒక ఇంజెక్షన్ ఇచ్చారు, గాడోలినియం అన్నారు. అదే ఎందుకు, వేరే లోహం ఎందుకు కాదు? దీనికి స్పిన్‌తో సంబంధం ఉందా?
– గృహిణి, రావులపాలెం

జవాబు: ఉందండి. ఎమ్మారై చూసేది ఒంట్లోని నీటిలో ఉన్న ప్రోటాన్ల స్పిన్‌లని, ఎలక్ట్రాన్లని కాదు. కానీ పక్కన బలమైన ఎలక్ట్రాన్ అయస్కాంతం ఉంటే ఆ ప్రోటాన్లు తొందరగా మామూలు స్థితికొస్తాయి, బొమ్మలో ఆ చోటు తెల్లగా మెరుస్తుంది. గాడోలినియం అయాన్‌లో జతలేని ఎలక్ట్రాన్లు ఏడున్నాయి, అది ఒక కారణం. అసలు కారణం వేరే. దాని పక్కింటి లోహాలు, డిస్ప్రోసియం లాంటివి, అయస్కాంత బలంలో దానికంటే తక్కువేం కాదు, కానీ వాటి ఎలక్ట్రాన్ స్పిన్ పికోసెకను లోపే దిక్కు మార్చేసుకుంటుంది, ప్రోటాన్ దాన్ని గమనించే లోపే అటూ ఇటూ అయిపోయి ఉంటుంది. గాడోలినియంలో ఏడు గదుల్లో ఏడు ఎలక్ట్రాన్లు సమంగా సర్దుకుని ఉండటంవల్ల కక్ష్య వైపు నుంచి మిగిలేది సున్నా, తణుకు మాస్టారికి చెప్పిన స్పిన్-ఆర్బిట్ పట్టు చాలా బలహీనం, దానివల్ల స్పిన్ వెయ్యి రెట్లకి పైగా ఎక్కువసేపు, నానోసెకన్ల స్థాయిలో నిలుస్తుంది. విడి గాడోలినియం విషం కాబట్టి దాన్ని వేరే అణువులో గట్టిగా బంధించి ఇస్తారు. కిడ్నీ సమస్య ఉంటే స్కాన్‌కి ముందే డాక్టర్‌గారికి చెప్పాలి, అది మాత్రం మర్చిపోవద్దు.

ప్రశ్న: ఎగుమతి చేసిన రొయ్యలకి రేడియేషన్ పెట్టారో లేదో పెంకు చూసి చెప్పేస్తారట, అదీ స్పిన్ పరీక్షేనట. నెలల తరబడి ఫ్రీజర్‌లో ఉన్న రొయ్యలో స్పిన్ అన్నాళ్లు ఎలా ఉంటుందండీ? మీరు నానోసెకన్లు అంటున్నారు.
– ఆక్వా రైతు, ఆకివీడు

జవాబు: నెలల తరబడి ఉండేది జతలేని ఎలక్ట్రాన్. దాని స్పిన్ దిక్కు కాదు. గామా కిరణాలు తగిలితే ఎముకలోనూ పెంకులోనూ ఉన్న ఖనిజంలో కొన్ని బంధాలు తెగి ఎలక్ట్రాన్లు ఒంటరిగా చిక్కుకుపోతాయి, గట్టి ఖనిజంలో కదల్లేక అలాగే ఉండిపోతాయి. పరీక్షలో పెంకు పొడిని సన్నటి క్వార్ట్జ్ గొట్టంలో పోసి, 0.34 టెస్లా క్షేత్రంలో పెట్టి, 9.5 గిగాహెర్ట్జ్ మైక్రోవేవ్ పంపిస్తారు. అంత క్షేత్రం పెట్టినా గది ఉష్ణోగ్రత దగ్గర పదివేల స్పిన్‌లలో 5,004 ఒకవైపు, 4,996 ఇంకోవైపు ఉంటాయి, ఆ ఎనిమిది తేడా మీదే పరీక్షంతా నడుస్తుంది. మైక్రోవేవ్ ఆ తేడాని చెరిపేస్తుంటే, స్పిన్‌లు కంపనాలకి శక్తి ఇచ్చుకుని మళ్లీ తేడా తెచ్చుకుంటుంటాయి. దిక్కు తప్పిపోవడం ఇక్కడ నష్టం కాదు, అది జరగకపోతే సిగ్నలే ఆగిపోతుంది. మైక్రోవేవ్ పవర్ మరీ పెంచితే జరిగేది అదే.

రొయ్య పెంకులో రేడియేషన్‌తో పనిలేకుండానే మాంగనీస్ వల్ల ఆరు గీతలు రావచ్చు. వాటిని చూసి రేడియేషన్ పెట్టారని ఎవరైనా అంటే ఒప్పుకోకండి, చిక్కుకున్న ఎలక్ట్రాన్ గీత వేరేచోట, వేరే ఆకారంలో వస్తుంది.

ప్రశ్న: అమరావతిలో క్వాంటం కంప్యూటర్ పెడుతున్నారంటున్నారు. అందులో ఎలక్ట్రాన్ స్పిన్‌లేనా వాడేది? స్పిన్ ఇంత తొందరగా పోయేదైతే దానితో లెక్కలెలా చేస్తారు?
– బీటెక్ విద్యార్థి, కాకినాడ

జవాబు: మొదటిదానికి జవాబు, కాదు. అమరావతి కోసం 2025లో ప్రకటించిన ఐబీఎం యంత్రం 156 క్యూబిట్ల (మామూలు కంప్యూటర్‌లో బిట్‌లాగా ఇందులో లెక్కకి మూలమైనవి) హెరాన్ ప్రాసెసర్‌ది, అవి అతివాహక సర్క్యూట్లు, స్పిన్‌లు కావు. స్పిన్ క్యూబిట్ల దారిలో నడిచేవాళ్లూ ఉన్నారు, ఇంటెల్ 2023లో పన్నెండు క్యూబిట్ల సిలికాన్ చిప్ బయటపెట్టింది.

రెండోదానికి జవాబు పెద్దది. స్పిన్ క్యూబిట్లవాళ్లు ముందు వాడింది గాలియం ఆర్సెనైడ్. అందులో ఒక ఎలక్ట్రాన్‌ని బుల్లి గుంటలో బంధిస్తే పరుగు ఆగిపోతుంది కాబట్టి ఇందాకటి ఇలియట్, ద్యాకొనోవ్ దారులు రెండూ దాదాపు మూసుకుపోతాయి. కానీ గాలియం, ఆర్సెనిక్ కేంద్రకాలన్నిటికీ స్పిన్ ఉంది, ఆ గుంటలో లక్షల కేంద్రకాలుంటాయి, ఆ లక్షల బుల్లి అయస్కాంతాలు ఎటు చూస్తుంటాయో తెలియదు. ఎలక్ట్రాన్ వాటన్నిటి క్షేత్రంలో తిరుగుతూ పది నానోసెకన్లలో పొంతన పోగొట్టుకుంటుంది. పోయిన సంచికలో మేమన్న పది నానోసెకన్లు ఇవే.

దీనికొక విరుగుడు ఉంది, ఎర్విన్ హాన్ 1950లో కనిపెట్టిన ఎకో. బడి వదిలాక ఇరవైమంది పిల్లలు కాలవగట్టు మీద సైకిళ్లెక్కి ఒకేసారి బయల్దేరారనుకో. ఒక్కొక్కళ్ల వేగం ఒక్కోలా ఉంది, కాసేపటికి గట్టంతా చెల్లాచెదురు. సరిగ్గా పది నిమిషాలకి ఈల వేస్తే అందరూ ఉన్నచోటే వెనక్కి తిరిగి అదే వేగంతో తొక్కాలి. ఎక్కువ దూరం పోయినవాడు వేగంగా తొక్కేవాడే కాబట్టి ఇరవయ్యో నిమిషానికి అందరూ బడి గేటు దగ్గర ఒకేసారి దిగుతారు. స్పిన్‌లకి ఆ ఈల ఒక మైక్రోవేవ్ పల్స్. చైన్ ఊడినవాడు మాత్రం రాడు, అంటే ఈలకి ముందూ తర్వాతా ఎవరి క్షేత్రం మారిపోయిందో ఆ స్పిన్ తిరిగి దొరకదు. ఈల లేకుండా కొలిస్తే వచ్చేది పది నానోసెకన్లు. ఈల వేశాక కూడా దొరకని నష్టమే అసలైన టీ2. 2005లో గాలియం ఆర్సెనైడ్‌లో ఈ పద్ధతితో పది నానోసెకన్లు కాస్తా ఒక మైక్రోసెకను దాకా వెళ్లాయి.

ఇంకా సూటి మార్గం, గోల చేసే కేంద్రకాలే లేని పదార్థం తెచ్చుకోవడం. సిలికాన్‌లో వందకి 92 వంతులు స్పిన్ లేని సిలికాన్-28, స్పిన్ ఉన్న సిలికాన్-29 ఐదు వంతుల లోపే. ఆ ఐదునీ తీసేస్తే? కిలోగ్రాముకి కొత్త నిర్వచనం కోసం అతి శుద్ధమైన సిలికాన్-28 తయారుచేశారు, అలాంటి సిలికాన్‌లో భాస్వరం అణువు దగ్గర కట్టుబడ్డ ఎలక్ట్రాన్ స్పిన్ చల్లటి ఉష్ణోగ్రతల్లో సెకన్ల పాటు పొంతన నిలుపుకుంటుందని 2012లో చూపించారు. పది నానోసెకన్లు ఎక్కడ, సెకన్లు ఎక్కడ! వజ్రం ఇంకో పద్ధతి: కార్బన్ తేలిక కాబట్టి స్పిన్-ఆర్బిట్ పట్టు తక్కువ, స్ఫటికం మహా గట్టిది కాబట్టి గది ఉష్ణోగ్రత దగ్గర కూడా కంపనాలు తక్కువ. అందులో నైట్రోజన్ అణువు, దాని పక్కన ఒక ఖాళీ ఉన్నచోట ఎలక్ట్రాన్ స్పిన్ ఫ్రిజ్ కూడా అక్కర్లేకుండా మిల్లీసెకను దాటి నిలుస్తుంది.

లెక్కలకి కావలసింది స్పిన్ శాశ్వతంగా ఉండటం కాదు, ఒక్కో అడుగుకి పట్టే కాలం కంటే వేల రెట్లు ఎక్కువుండటం.

ప్రశ్న: మరి మా ఫ్రిజ్ తలుపు మీది అయస్కాంతం ఇరవై ఏళ్లుగా అలాగే ఉందే?
– యానాం

జవాబు: అందులో స్పిన్‌లు ఒంటరివి కావు. పక్కదానికి ఎదురు తిరగాలంటే చాలా శక్తి కావాలి, కాబట్టి కోట్లాది స్పిన్‌లు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి, ఒకటి తడబడినా మిగతావి లాగి నిలబెడతాయి. ముక్క చిన్నదయ్యేకొద్దీ ఆ బలం తగ్గుతుంది. మ్యాగ్నెటైట్‌ని పది నానోమీటర్ల రేణువులుగా చేస్తే గది వేడికే రేణువు మొత్తం దిక్కు మార్చేస్తుంటుంది. భీమవరం షాపులోని హార్డ్‌డిస్కు తయారుచేసేవాళ్లకి ఇదే తలనొప్పి: బిట్ పదేళ్లు నిలవాలంటే తిరగబడటానికి అడ్డుగా ఉండే శక్తి, ఆ ఉష్ణోగ్రత దగ్గరి ఉష్ణశక్తికి కనీసం 40 నుంచి 60 రెట్లు ఉండాలి, బిట్‌ని చిన్నది చేసుకుంటూ పోతే ఆ గోడ కూడా చిన్నదైపోతుంది.